పళ్ళపొడి పంచే సరోజకు పళ్ళు లేవు

12 జూన్, గురువారం

సర్కారు పళ్ళపొడి వచ్చింది! రెండు అట్టపెట్టెల నిండా. బడి తెరిచి ఇంకా సర్దుకోనేలేదు, అప్పుడే.

హెడ్మాస్టరు సార్ పెట్టెలు మోయించుకొచ్చి నా వంటగది గడప దగ్గర దించారు. "సరోజమ్మా, బిడ్డలకు మధ్యాహ్నం సర్కారు సత్తుణవు అన్నం వండి పెట్టేది నువ్వు. ఈ పొడి పంచేదీ నువ్వే. ఎట్ల తోముకోవాలో నేర్పించు" అన్నారు. సరే సార్ అన్నాను, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునే.

తొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. తిరుత్తణిలో మా తెలుగు మగ్గాల వీధిలో అందరూ ఏమనుకుంటున్నారు... సరోజ ఎంత మర్యాదస్తురాలు, నలుగురి ముందు నోరు కూడా కనపడనివ్వదు అని! మర్యాదా లేదు, మట్టీ లేదు. పైన ముందు పళ్ళు నాలుగూ లేవు. అంతే సంగతి.

వేలితో పొడి తీసి, ఇట్లా పైకీ కిందికీ అని గాలిలో చూపించాను. ఒకటో తరగతి వళ్ళి ఊరుకుంటుందా? నా మోకాలు పట్టుకుని చెంగు కిందనుంచి తొంగి చూసింది. "టీచరక్కా, నీకే పండ్లు లేవే! చిన్నప్పుడు నీకు పొడి ఇయ్యలేదా?"

అన్నం వండే నన్నూ టీచరక్క అనే పిలుస్తారు బిడ్డలు. బడంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. చెంగు వెనక.

13 జూన్

పొడి తియ్యగా ఉందట. తినేస్తున్నారు! వళ్ళి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. "అక్కా, మా పాప మజ్జిగన్నంలో కలుపుకోని తినేసింది, ఏమన్నా అవతాదా?" ఏమీ కాదులే అని పంపించాను గానీ సాయంత్రంలోగా రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళి చూసొచ్చాను.

రేపటినుంచి పొట్లాలు ఇంటికివ్వను. నా ఎదుటే తోమాలి.

16 జూన్, సోమవారం

తోమించాను. వరసగా కూర్చోబెట్టి, నోళ్ళు తెరిపించి. అయ్యో... ఆ నోళ్ళు! నల్లగా, గుంటలు గుంటలుగా. వళ్ళికి కింద దవడ పన్ను సగం లేదు. నొప్పి లేదా అంటే, "ఆ పక్క నమలను కదా" అంది. ఐదేళ్ళ పిల్ల, ఏ పక్క నమలకూడదో నేర్చుకుంది.

నాకు నొప్పి మొదలైనప్పుడు ఎవరైనా ఇట్లా తెరిపించి చూసి ఉంటే!

హెడ్మాస్టరు సార్ ఒక మాట చెప్పారు. తిరువళ్ళూరు ఆసుపత్రికి పళ్ళ డాక్టరమ్మ కొత్తగా వచ్చిందట. గురువారాల్లో రద్దీ తక్కువట. డబ్బు కట్టే పని లేదట.

పొద్దుటినుంచి ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

19 జూన్, గురువారం

వెళ్ళాను! మీటింగు ఉందని అత్తతో చెప్పి బస్సెక్కేశాను.

గదిలో కుర్చీ. కాలితో నొక్కితే పైకి లేస్తుంది! కూర్చున్నాను, తల వెనక్కి ఆనించాను, చెంగు మాత్రం వదల్లేదు. డాక్టరమ్మ చిన్నది, నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. మద్రాసు పిల్ల, అరవంలోనే మాట్లాడుతుంది. నోరు తెరవమంది. తెరవలేదు. మళ్ళీ అడిగింది. ఊహూఁ. కళ్ళనిండా నీళ్ళు, సిగ్గులేకుండా.

అప్పుడు ఆమె తన ముఖానికి కట్టుకున్న గుడ్డ లాగేసి, ఆ అని నోరు తెరిచి నా ముందు వంగింది. "ఇదో పారుంగ, ఎనక్కుమ్ ఓట్టై!" నాకూ పుచ్చిపోయింది చూడు అని. వెండి రంగు అతుకు, లోపలి పంటికి.

పళ్ళ డాక్టరుకే పుచ్చిన పన్ను! నవ్వొచ్చేసింది. నవ్వితే నోరు తెరుచుకుంది. ఆమె దీపం పెట్టేసింది. గడుసుది.

ఎవరు తీశారు ఇవి అని అడిగింది. చెప్పాను. తొమ్మిదేళ్ళలో ఒక మనిషితో చెప్పడం ఇదే మొదలు. ఆడి నెలలో పెరియపాళయం అమ్మవారి మొక్కుకు వెళ్ళడం, అక్కడ జనంలో గోనెపట్ట మీద పళ్ళు కుప్పపోసుకుని కూర్చున్న ఒక మనిషి, పటకారు. నొప్పి ఉన్నది ఒక్క పంటికి. వాడు నాలుగు పీకేశాడు. పక్కవి కూడా చెడిపోతాయి అని చెప్పి పీకేశాడు. నోరు తెరిచి ఇచ్చింది నేనే కదా!

డాక్టరమ్మకు కోపం వచ్చింది, నా మీద కాదు. రెండు పళ్ళ వేర్లు ఇంకా చిగురులోనే విరిగి ఉన్నాయట. అవి తీసి, పుండు మానాక, సెట్టు కట్టించవచ్చట.

సెట్టు! నాకు! నాలుగు పళ్ళు!

ఇంకా ఉంది. మీ ఊళ్ళో ఇట్లాంటి వాళ్ళు ఎంతమంది అని అడిగింది. వీధి మొత్తం అన్నాను. ఆలోచించి, "అప్ప నానే వరేన్" అంది. తానే వస్తుందట! పెద్ద డాక్టరును అడిగి ఒక గురువారం. జనం వచ్చి, పని జరిగిందని కాగితం మీద చూపిస్తేనే మళ్ళీ మళ్ళీ పంపుతారట. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఇక అంతేనట.

తిరుగు ప్రయాణం రైల్లో. తిరువాలంగాడు దాటేదాకా కిటికీలోకి చూస్తూ నవ్వుతూనే ఉన్నాను. చెంగు లేకుండా. ఎదుటి సీటాయన పిచ్చిదనుకుని ఉంటాడు.

20 జూన్

మా ఆయనకు చెప్పాను. మగ్గం ఆపలేదు. "పండ్లు లేకున్నా నువ్వు మాట్లాడేదేం తక్కువ కాలేదే" అన్నాడు. అబ్బ, కోపం! విసురుగా లేచి వచ్చేశాను.

తర్వాత మంచినీళ్ళకు లోపలికి వచ్చినట్టు వచ్చి, "కట్టించుకో. నువ్వు నవ్వంగ చూసి శానా దినాలయింది" అన్నాడు. నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

24 జూన్, మంగళవారం

హెడ్మాస్టరు సారుకు ఆసుపత్రినుంచి ఉత్తరం వచ్చింది. డాక్టరమ్మ ఏ రోజు రావాలో మేమే చెప్పాలట. నేనే ఎంచాను. జూలై మూడు. గురువారం, పైగా కృత్తిక, మా కొండ మీద స్వామి రోజు! మామూలు రోజైతే మగ్గం దిగి ఎవడొస్తాడు? కృత్తిక నాడైతే తిరుత్తణిలో మా వాళ్ళ మగ్గం ఒక్కటీ ఆడదు. అందరూ ఇళ్ళ దగ్గరే.

ఏం బుర్ర సరోజా నీది! సార్ కూడా మెచ్చుకున్నారు.

27 జూన్

ఇల్లిల్లూ తిరుగుతున్నాను. బడి వరండాలో డాక్టరమ్మ, రండి, రండి అని. మునెయ్య మామ మగ్గం మీదనుంచే అడిగాడు. "పన్ను పీకితే కండ్లు పోతాయంట గదా సరోజా?" పోవు మామా, నేను నాలుగు పీకించుకున్నా కదా, నువ్వు నాకు కనిపిస్తూనే ఉన్నావు అన్నాను. అయ్యో! అనేశాను. నోటితో అనేశాను, పీకించుకున్నానని. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. తర్వాత, "అయితే నేనూ వస్తాలే" అన్నాడు.

అత్త మాత్రం రానంటే రానంటోంది. దవడ పన్ను నెలనుంచి సలుపుతోంది, ముక్కుపొడి దట్టించుకుని కూర్చుంటుంది. "డెబ్బై ఏండ్లొచ్చినాయి, ఇప్పుడు నా నోట్లో చెయ్యి పెట్టేదానికి ఎవురే అది?" అని కేకలు.

2 జూలై

రేపే! వరండా రెండుసార్లు కడిగాను.

3 జూలై, గురువారం

చాలా పొద్దుపోయింది. అయినా రాయాలి. నోట్లో దూది, కాబట్టి మాట్లాడే పని లేదు, రాసే పనే.

జీపు పదిన్నరకు వచ్చింది. వరండా నిండా జనం! మగవాళ్ళు, ఆడవాళ్ళు, స్నానం చేసి, విభూతి పెట్టుకుని. నా ఛాతీ ఇంత వెడల్పయింది. డాక్టరమ్మ బల్ల మీద సామాన్లు పరిచి, మునెయ్య మామను కూర్చోబెట్టి, సూదిలోకి మందు ఎక్కిస్తూ అడిగింది. "ఎన్న సాప్టీంగ?" ఏం తిన్నావు అని.

"ఈ పొద్దు కృత్తిక కదా తల్లీ. పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టలే."

తర్వాతి వాణ్ణి అడిగింది. ఒక్కపొద్దు. ఆ తర్వాత ఆమెను. ఒక్కపొద్దు. వరండా మొత్తం ఒక్కపొద్దు!

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. ఖాళీ కడుపుతో సూది వేసి పన్ను తీస్తే కళ్ళు తిరిగి పడిపోతారు, ఒక్కరికి కూడా వేయను అంది. నా కళ్ళు అప్పుడే తిరిగాయి. నేనూ ఒక్కపొద్దే కదా! మగ్గాలు ఆగుతాయని ఎంచిన దాన్ని, పొయ్యిలు కూడా ఆగుతాయని ఎందుకు గుర్తు రాలేదు? పుట్టినప్పటినుంచి చేస్తున్న కృత్తిక... చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

సాయంత్రం దీపం పెట్టేదాకా ఎవరూ తినరు. జీపు నాలుగింటికి వెళ్ళిపోవాలి. ఒట్టి చేతులతో వెళ్తే మళ్ళీ రాదు. అందరినీ బతిమిలాడాను. "కొండమింద సామికి మొక్కుకున్నాం సరోజా, నువ్వే చెప్తాండావా తినమని?" అన్నారు. చెంగు ఎప్పుడు జారిందో తెలియదు, నోరు తెరుచుకుని ఏడుస్తూ నిలబడ్డాను.

పన్నెండయింది. బిడ్డలకు అన్నం పెట్టే వేళ. పెట్టాను. ఏడుస్తూనే పెట్టాను.

అప్పుడు వచ్చింది అత్త. దవడ వాచి, గుడ్డ కట్టుకుని. మా వీధికి కృత్తిక ఎప్పుడో పంచాంగం చూసి చెప్పేది ఆమే, ఎవరు ఏ ఒక్కపొద్దు ఉండాలో పెట్టేదీ ఆమే. నన్ను చూసింది, జనాన్ని చూసింది. సంగతి అడిగింది. విని, నేరుగా వెళ్ళి వళ్ళి పక్కన కింద కూర్చుంది. వళ్ళి తింటున్న అన్నం తట్టలోంచి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది!

వరండాలో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"బిడ్డ తట్టలో మెతుకులు తింటే సామి ఏమీ అనుకోడు. అనుకుంటే నన్నడగమను. ముసిల్ది నొప్పికి తాళలేక తినింది అని నేనే చెప్పుకుంటా." రెండో ముద్ద మింగి, అటు తిరిగి కసిరింది. "చూస్తాండారేం? ఇండ్లల్లో సద్దన్నం లేదా? అరటిపండు లేదా? పోయి తినేసి రాండి!"

పరిగెత్తారు! మునెయ్య మామ అందరికంటే ముందు. ఎంతసేపటినుంచి ఆకలితో ఉన్నాడో పాపం.

కుర్చీలో మొదట కూర్చున్నది అత్తే. పన్ను ఊడి వచ్చాక, "దాన్ని ఇట్లియ్యి పాపా, డెబ్బై ఏండ్లు నాతో కాపురం చేసింది" అని అడిగి తీసుకుని కొంగున ముడేసుకుంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

మగవాళ్ళ నోళ్ళు చూస్తూ డాక్టరమ్మ ఒకటి కనిపెట్టింది. అందరికీ ముందు పంటికి ఒకే చోట చిన్న నొక్కు. ఇదేమిటి అని అడిగితే మునెయ్య మామ దారం కొరికి చూపించాడు. పగలంతా తెగిన పోగును పంటితోనే కొరుకుతారు కదా. ఇక మీదట ఎవరైనా నోరు తెరిస్తే చాలు, నేతవాడో కాదో చెప్పేస్తాను అంది.

ఆఖరున నేను. సద్దన్నం తిని వచ్చాను, స్వామీ, క్షమించు. చిగురులోని రెండు వేర్లూ వచ్చేశాయి. భయానికి పళ్ళు బిగబట్టబోయాను... పళ్ళెక్కడివి!

వెళ్ళే ముందు బిడ్డలందరి నోళ్ళూ చూసి పేర్లు రాసుకుంది. ఇరవై మూడు పేర్లు. వచ్చేసారి వీళ్ళ వంతు అంది. వచ్చేసారి! ఉంటుందట!

4 జూలై

మాట్లాడకూడదు. బిడ్డలకు పలక మీద రాసి చూపించాను. ఇది అరవ బడి, పై తరగతుల వాళ్ళకు కూడా తెలుగు చదవడం రాదు, అరవంలో రాస్తే నా తప్పులకు నవ్వుతారు. నవ్వనీ.

11 జూలై

అత్త ఇప్పుడు వీధికి పళ్ళ డాక్టరు. ముక్కుపొడి పెట్టుకున్న ప్రతివాణ్ణీ తిడుతోంది.

30 జూలై, బుధవారం

ఆడి కృత్తిక. కొండ దారి మీద ఇసుక వేస్తే రాలనంత జనం, కావళ్ళు, హరోహర. బుగ్గకు శూలం గుచ్చుకున్న భక్తుడు ఎదురొచ్చాడు. అందరూ దండం పెట్టారు. నేను ఆయన పళ్ళు చూశాను. పాపం, రెండు పుచ్చాయి. స్వామీ, నా బుద్ధి ఇట్లా అయిపోయింది.

ఈసారి ఒక్కపొద్దు పూర్తిగా ఉన్నాను. బాకీ తీర్చాను.

21 ఆగస్టు

బిడ్డల గురువారానికి అనుమతి కాగితం ఇంకా రాలేదు. వస్తుంది, రావాలి అని డాక్టరమ్మ కార్డు రాసింది.

18 సెప్టెంబరు, గురువారం

కొలత తీసింది! మైనం లాంటిది వేడిగా నోట్లో పెట్టి, కదలొద్దు అంది. కక్కొచ్చినంత పనైంది. అయినా కదల్లేదు. తర్వాత దాన్ని తీసి చూపిస్తే... నా నోరు! నాలుగు పళ్ళ చోటు ఖాళీగా. మద్రాసులో కట్టిస్తుందట. రంగు ఎంచుకోమని వరసగా పళ్ళు చూపించింది, గాజుల అంగడిలో గాజులు చూపించినట్టు. తెల్లగా మెరిసేది చూపించాను. "వద్దమ్మా, నీ మిగిలిన పళ్ళు నవ్వుతాయి" అని కొంచెం పసుపు రంగుది తనే ఎంచింది.

వళ్ళి పన్ను మళ్ళీ సలుపుతోందని చెప్పాను. బిళ్ళలు ఇచ్చింది. ఇక్కడికి తీసుకురమ్మంటే వాళ్ళమ్మ, డాక్టరమ్మ బడికే వస్తుంది కదా, కూలి పోగొట్టుకుని బస్సెందుకు అంటోంది. తొందరగా చూడాలి అని ఎర్ర పెన్నుతో రాసుకుంది.

9 అక్టోబరు, గురువారం

వచ్చేశాయి!!

పెట్టింది. అద్దం ఇచ్చింది. అద్దంలో ఎవరో... నాకు పెళ్ళయిన కొత్తలో ఉన్న సరోజ, కొంచెం ముసలిదై. ఏడ్చానో నవ్వానో తెలియదు.

ఇంట్లోకి వెళ్ళాను. మా ఆయన నాడెలో దారం ఎక్కించుకుంటున్నాడు, నోటితో పీల్చి. నేను నవ్వాను, చెంగు లేకుండా. దారం నోట్లోనే ఉండిపోయింది ఆయనకు.

10 అక్టోబరు

మాట రావడం లేదు! ప్రతి మాటకూ ఈల. వంకాయ అనబోతే ఇంకేదో. వళ్ళి ఒక చేత్తో బుగ్గ పట్టుకుని దగ్గరికి వచ్చి పరీక్షగా చూసింది. "టీచరక్కా, ఎవురివి ఈ పండ్లు? వాళ్ళు అడగరా?" నాకే ఇచ్చారే అన్నాను. "నాకెప్పుడు చూస్తాది డాక్టరమ్మ?"

గురువారం అడుగుతానే తల్లీ.

12 అక్టోబరు, ఆదివారం

ఆయుధపూజ. మగ్గానికి పసుపు, నాడెకు కుంకుమ. పళ్ళ సెట్టు డబ్బా కనిపించలేదని ఇల్లంతా వెతికాను. అత్త దాన్ని కూడా నాడె పక్కన పెట్టి బొట్టు పెట్టేసింది! "నీకు అదే కదే ఇప్పుడు పనిముట్టు" అంది.

16 అక్టోబరు, గురువారం

చిగురు ఒరుసుకుంటోంది, సరిచేయించుకుందామని వెళ్ళాను.

గది తలుపు తెరిచే ఉంది. కుర్చీ మీద తెల్ల దుప్పటి కప్పేశారు. కాంపౌండరు చెప్పాడు, డాక్టరమ్మకు బదిలీ అయిందట. దక్షిణాన ఎక్కడో. సోమవారమే వెళ్ళిపోయింది. ఆమె చోటికి ఎవరు అంటే, ఎవరినీ వేయలేదు అన్నాడు. ఎప్పుడు వేస్తారంటే భుజాలు ఎగరేశాడు.

"సరోజ టీచర్ మీరేనా?" అని ఒక కవరు ఇచ్చాడు. ఇరవై మూడు పేర్లు. వళ్ళి పేరు చుట్టూ ఎర్ర గీత. అడుగున అరవంలో రెండే వాక్యాలు. బిడ్డల గురువారం నేను అడిగితే ఇవ్వలేదు, నువ్వు అడుగు. నీ నోటితో అడుగు.

17 అక్టోబరు

వళ్ళి బడికి రాలేదు. బుగ్గ వాచింది, జ్వరం. వాళ్ళమ్మ పసుపు వేసి కట్టింది. పెరియపాళయం వైపు ఎవరో బాగా పీకుతాడంట, పోదామా అక్కా అంది.

మళ్ళీ ఆ పటకారా! ఎక్కడికీ కదలొద్దు అని కేకలేశాను. మా ఆయన సైకిల్ మీద పిల్లను తిరుత్తణి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సూది వేసి జ్వరం తగ్గించారు. పన్ను చూసేవాళ్ళు మా దగ్గర లేరు అన్నారు.

19 అక్టోబరు, ఆదివారం

తిరువళ్ళూరు సర్కారు ఆఫీసులో సోమవారాలు మనవి కాగితాలు తీసుకుంటారు. పెద్ద ఆఫీసరే ఎదురుగా కూర్చుంటాడట. రేపు పోతున్నాను. కాగితం సార్ రాశారు, అరవంలో. వీధి మొత్తం సంతకాలు, వేలిముద్రలు. మునెయ్య మామ రెండుసార్లు పెట్టాడు, గట్టిగా ఉండాలని. నాతో అత్త వస్తుంది, వళ్ళిని ఎత్తుకుని వాళ్ళమ్మ వస్తుంది. పళ్ళ డాక్టరును పంపించేదాకా లేవకూడదని అత్త చాప కూడా సర్దింది!

ఏం మాట్లాడాలో పొద్దుటినుంచి అద్దం ముందు చెప్పుకుంటున్నాను. పళ్ళు పెట్టుకుంటే ముఖం బాగుంది, మాట ఈల వేస్తోంది. తీస్తే మాట గంటలా వస్తుంది, ముఖం... అదే పాత ముఖం.

మా ఆయన చూసి చూసి అడిగాడు. "ఎట్ల పోతావు మల్ల, పెట్టుకునా, తీసేసా?"

పెట్టుకునే వెళ్తాను. నమస్కారం పెట్టి నవ్వుతాను. మాట సరిగ్గా రాలేదా, అక్కడే తీసి ఆ ఆఫీసరు బల్ల మీద, కాగితం పక్కనే పెట్టేస్తాను. అయ్యా, ఇవి నావి, ఈ బిడ్డకు కూడా ఇట్లాంటివే కట్టించమంటారా, లేక ఉన్నవి కాపాడతారా అని అడుగుతాను. తొమ్మిదేళ్ళు దాచిన నోరు. చూడనీ.

ఆరింటి బస్సు. అత్త అప్పుడే చెప్పులు గడప దగ్గర పెట్టుకుంది.